నీళ్ళు కలపని నెత్తురు

నిమ్మనపల్లె పక్కనుండే మా పల్లెలో పొద్దున్నే బస్సెక్కితే మధ్యాహ్నం అన్నం వేళకు కుప్పంలో దిగవచ్చు. మేము పోయి రావడానికి మాత్రం రెండు వారాలకు దగ్గర పట్టింది. ఎందుకు పట్టిందని ఇంటికి వచ్చినవాళ్ళు ఇప్పటికీ అడుగుతుంటారు. నేను మొదలుపెడతాను, సగంలోనే దూడ తాడు తెంపుకుంటుంది, లేదంటే పొయ్యి మీద పాలు పొంగుతాయి. అందుకని మొత్తం ఒక్కచోట రాసి పెడుతున్నాను.

ముందు మా ఇంటి సంగతి తెలియాలి. మా మెట్టినింట్లో అప్పటిదాకా తల నెరిసిన మగవాణ్ని నేను చూడలేదు. మా మామ నేను కాపురానికి రాకముందే పోయాడు. మా ఆయన టమాటా తోటలో నీళ్ళు మళ్ళిస్తూ, పార పక్కన పెట్టి గట్టు మీద కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు. అందరూ బక్కపలచని మనుషులే. ఒక్కరికీ బొజ్జ లేదు. కానీ మోచేతుల మీద, మడమల వెనక పసుపు పచ్చని కాయలు లేస్తాయి. ఊళ్ళోవాళ్ళు వాకిలి దోషమన్నారు, వాకిలి మార్చాము. గంగమ్మకు మొక్కు తప్పారన్నారు, మొక్కు తీర్చాము. చివరకు మదనపల్లెలో ఒక డాక్టరు మా మరిది మునెప్ప మడమ చూసి, ఇది నెత్తురులో కొవ్వు, తిండితో వచ్చింది కాదు, పుట్టుకతో తండ్రి నుంచి బిడ్డకు దిగుతూ వచ్చింది అని చెప్పాడు. చెప్పి, కుప్పం పక్కనుండే పెద్దాసుపత్రికి పంపించాడు.

ఆ ఆసుపత్రిలో బెంగళూరు కంపెనీ ఒకటి కొత్త మాత్రను పరీక్ష చేస్తోంది. మునెప్పను అందులో చేర్చుకున్నారు. మామూలు మాత్ర అందరికీ ఇస్తారు. దాంతోపాటు ఇంకో మాత్ర. ఆ రెండోది సగం మందికి అసలు మందు, సగం మందికి ఉత్త పిండి. చూడడానికి రెండూ ఒకటే. ఎవరికి ఏది పడిందో ఇచ్చే డాక్టరుకు కూడా తెలియదు. అందరి నెత్తురూ చూశాక చివర్లోనే మూత తీస్తారట. మాత్ర గెలిస్తే తర్వాత విడతలో పడుచువాళ్ళను కూడా తీసుకుంటామన్నారు. నా కొడుకు శేఖరకు పందొమ్మిదేళ్ళు. వాడి మోచేతి మీద అప్పటికే కందిగింజంత కాయ లేచింది.

ఏడాదిగా మునెప్ప ఒక్కడే పోయి వస్తున్నాడు. ఈసారి చివరి పరీక్ష. బయలుదేరే ముందు మా తోడికోడలు నన్ను పశువుల కొట్టం వెనక్కి పిలిచింది.

"అక్కా, నువ్వు తోడు పో. వారం నుంచి సరిగ్గా తినడం లే. అడిగితే కసురుకుంటాండాడు. నా మాట ఇనడు, నీ మాటైతే ఇంటాడు."

అట్లా బయలుదేరాను.

మదనపల్లె

మదనపల్లెలో బస్సు దిగితే ముందు టమాటా వాసన తగులుతుంది, తర్వాతే ఊరు కనబడుతుంది. ఆ రోజు మార్కెట్టు పడిపోయింది. పెట్టెకు ఇరవై రూపాయలు కూడా పలకడం లేదు. పెద్దమండ్యం నుంచి వచ్చిన రైతు ఒకాయన పెట్టె మీదనే కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"అమ్మలేదాప్పా?" అన్నాను.

"అమ్మితే బస్సు చార్జీ గూడా రాదు తల్లీ. ఈడనే పారబోసి పోతే మున్సిపాలిటీవోళ్ళు తిడతారు. అందుకని నా టమాటాలకు నేనే కాపలా ఉండా." అని, సంచి తెరవమని చెప్పి రెండు దోసిళ్ళు వేశాడు. డబ్బు తీయబోతే తిట్టినంత పని చేశాడు.

బస్టాండు పక్కన హోటల్లో దోసెలు ఎర్రగా కాలుస్తున్నారు. మునెప్పకు అక్కడి ఎర్ర కారం దోసె అంటే ప్రాణం. చిన్నప్పుడు సంత రోజున దాని కోసం వాళ్ళన్న సైకిలు వెనక పరుగెత్తేవాడు. రెండు చెప్పాను.

"నాకొద్దు వదినా. పొద్దున తినే వచ్చినా" అన్నాడు.

తినలేదని నాకు తెలుసు. నా ముందర దోసె, వాడి ముందర నీళ్ళ గ్లాసు. ఆ గ్లాసు తాగి ఇంకోటి, అది తాగి ఇంకోటి.

"ఎండాకాలం ఎద్దు మాదిరి యాల తాగుతాండావు?"

"దప్పిక."

పుంగనూరు

పుంగనూరు బస్సులో చిన్న అపచారం జరిగింది. నా సంచిలో ఊరిబిండి డబ్బా మూత ఊడి, పక్కన కూర్చున్న పెద్దాయన తెల్లపంచె మీద ఎర్రగా కారింది. నేను కొంగుతో తుడవబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టి, వేలితో తీసి నాకి, కళ్ళు మూసుకున్నాడు.

"చెనిక్కాయలు దోరగా ఏయించినావమ్మా. మిరపకాయలు యాడివి?"

"మా దొడ్లోవే."

"పంచెదేముంది, ఉతికితే పోతాది. రాండి, మా ఇంట్లో కాఫీ తాగి పోదురు. ఊరిబిండి రుణం నాకెందుకు?"

ఆయన పేరు గుర్రప్ప. ఇల్లు బస్టాండుకు దగ్గరే. వాకిట్లో పుంగనూరు పొట్టి ఆవు కట్టేసి ఉంది. పేరు వినడమే గానీ అంత దగ్గరగా చూడడం నాకు అదే మొదలు. తెల్లగా, నా నడుముకు కూడా రాని ఎత్తు. తోక మాత్రం నేలకు ఆనుతోంది. మాకు ఇంట్లో రెండు జెర్సీ ఆవులున్నాయి, ఒక్కొక్కటి బిందెడు ఇస్తుంది. ఈ తల్లి పూటకు చెంబెడు కంటే ఎక్కువ ఇవ్వదు.

"చెంబెడే. అయితే ఆ చెంబులో యాలు పెట్టి సూడు, యాలుకు మీగడ అంటుకొని వస్తాది" అన్నాడు గుర్రప్ప. "పాలసెంటర్లో ఫ్యాటు కొలిచే మిషనుకు మా ఆవు పాలు పోస్తే, ఆ పిల్లోడు మిషను సెడిపోయిందనుకొని దాన్ని తట్టి సూసినాడు."

పాల మాట వస్తే మునెప్ప ఆగలేడు. మా ఊరి పాలసెంటర్లో వాడిది పెద్ద నోరు. ఫ్యాటు, అంటే పాలల్లో కొవ్వు, ఎంత పడింది, చిక్కదనం చూసే డిగ్రీ ఎంత పడింది, ఎవరు నీళ్ళు కలిపారు, ఎవరు చెనిక్కాయ పిండి మేపారు, చెంబు చూసి చెప్పేస్తాడు. ఇద్దరూ ఆవు చుట్టూ తిరుగుతూ అరగంట మాట్లాడుకున్నారు. ఇంతలో ఆయన భార్య ఇత్తడి లోటాల్లో కాఫీ తెచ్చింది. నురగ మీద నెయ్యి చుక్కలాగా మెరుస్తోంది.

మునెప్ప లోటా ముట్టుకోలేదు.

మా వైపు కాఫీ వద్దంటే ఇంకో రెండుసార్లు బతిమాలి వదిలేస్తారు. పుంగనూరులో అట్లా కాదు, ఇంటి ఆవు పాలు వద్దంటే ఇంటి ఆడబిడ్డను వద్దన్నట్టే. గుర్రప్ప మొహం ముడుచుకుపోయింది.

"మా ఆవు పాలు వద్దన్నోణ్ణి పుట్టి ఇప్పుడే సూస్తాండా" అన్నాడు. మునెప్ప తల వంచుకుని నీళ్ళడిగాడు. నేను రెండు లోటాలూ తాగి, వాడికి కడుపులో బాగాలేదని అబద్ధం చెప్పి లేచాను.

వి.కోట బస్టాండు

పలమనేరులో బస్సు మారాము. గాలి అక్కడ చల్లబడుతుంది, చేలు పచ్చబడతాయి. గంగవరం వైపు నుంచి వచ్చిన ఆడవాళ్ళు బుట్టల్లో బీన్స్, కొత్తిమీర పెట్టుకుని ఎక్కారు. బస్సంతా పెళ్ళింటి వంటశాల వాసన. మునెప్ప కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

వి.కోటలో బస్సు కాసేపు ఆగింది. నీళ్ళ కోసమని వాడు దిగాడు. కుళాయి దగ్గరకు నాలుగడుగులు వేశాడు, స్తంభం పట్టుకున్నాడు, అట్లానే జారి కింద కూర్చున్నాడు.

గట్టు మీద కూర్చున్న మా ఆయన నాకు కనబడ్డాడు. ఎట్లా దిగానో, ఎట్లా పోయానో తెలియదు. వాడి తల నా ఒళ్ళో పెట్టుకుని చొక్కా గుండీలు తెంపేశాను. ఎవరో సోడా తెచ్చారు, ఎవరో జీపు పిలవమంటున్నారు.

"గుండెలో యాడ నొస్తాండాదిరా? సెప్పు."

వాడు కళ్ళు తెరిచి నన్ను చూశాడు. "గుండె కాదు వదినా. ఆకలి."

జనం ఒక్కొక్కరే పక్కకు పోయారు. సోడా తెచ్చినాయన మాత్రం అరటిపండు కూడా తెచ్చిచ్చి, "ఆకలికి ఇంత గలాటానా?" అని నవ్వుకుంటూ పోయాడు. నేను పండు ఒలిచి వాడి నోటికి పెట్టాను. వాడు పళ్ళు బిగించాడు. అప్పుడు గట్టిగా అడిగితే బయటపడింది.

వారం రోజులుగా వాడు అన్నం ముట్టలేదు. పొద్దున ఇంత రాగిజావ, రాత్రి నీళ్ళమజ్జిగ. మిగిలినదంతా నీళ్ళే. ఎందుకంటే, పాలల్లో నీళ్ళు పోస్తే ఫ్యాటు పడిపోతుంది కదా, ఆవుకు దాణా తగ్గిస్తే ఫ్యాటు పడిపోతుంది కదా, నెత్తురు మాత్రం ఎందుకు పడిపోదు?

"పోయినసారి సూసినప్పుడు నా కొవ్వు తగ్గలే. డాక్టరమ్మ మొగం సూస్తే తెలిసిపోయింది. ఇప్పుడు గూడా తగ్గకపోతే కంపెనీవోళ్ళు మాత్ర పని సెయ్యలేదని ఎత్తేస్తారు. ఎత్తేస్తే శేఖరగాడికి ఏముండాది? మాయన్న మాదిరి గట్టు మీద కూర్చోవల్లనా వాడు?"

నా కొడుకు కోసం వాడు పస్తులున్నాడు. నాకు ఏడుపు రావలసింది. కోపం వచ్చింది.

"పాలసెంటర్లో నీళ్ళు కలిపినోణ్ణి నువ్వేమంటావు?"

వాడు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"ఒగ ఇంటి నీళ్ళపాలు పెద్దక్యానులో పడితే ఏమైతాది?"

"క్యాను తిరిగొస్తాది."

"ఊరందరి పాలు తిరిగొస్తాయి. నీ ఒక్కడి నెత్తురా అది? ఎంతమంది నెత్తురో కలిపి సూస్తారని నువ్వే గదా సెప్పినావు. అందులో నువ్వు పోయి నీళ్ళు పోస్తావా?"

"నేనేం అమ్ముకోవడానికి కలిపినానా?"

"యాలకు కలిపినా నీళ్ళు నీళ్ళే. కుప్పం పోతానే డాక్టరమ్మకు సెప్పల్ల."

"సెప్తే నన్ను తీసేస్తారు వదినా."

"తీసేస్తే తీసేయనీ. పండు తిను."

తిన్నాడు. బస్సు హారన్ కొడుతుంటే ఇంకోటి కూడా తిన్నాడు.

కుప్పం

కుప్పంలో ఎవరు ఏ భాష మాట్లాడతారో నోరు తెరిచేదాకా తెలియదు. ఆటో అతను బేరం తెలుగులో మొదలుపెట్టి, తమిళంలో విసుక్కుని, చిల్లర కన్నడంలో ఇచ్చాడు.

ఆసుపత్రి గది ముందు బల్ల మీద కూర్చున్నాము. డాక్టరమ్మ చిన్న వయసుది, కళ్ళజోడు పెట్టుకుని ఉంది. మునెప్పను చూడగానే, "ఏంటప్పా, చిక్కిపోయావు? రేపు పొద్దున రక్తం తీయాలి. రాత్రి భోజనం తర్వాత ఏమీ తినకుండా రావాలి" అంది.

వాడు నా వైపు చూశాడు. నేను గోడ మీది కేలెండరు వైపు చూశాను. వాడు చెప్పాలి, నేను కాదు.

"మేడం" అన్నాడు. "నా పాలల్లో నీళ్ళు కలిసినాయి."

ఆమెకు అర్థం కాలేదు. వాడు నిలబడి, చేతులు కట్టుకుని, పాలసెంటరు నుంచి వి.కోట బస్టాండు దాకా మొత్తం చెప్పాడు. ఆమె మొదట నవ్వబోయింది, వాడి మొహం చూసి ఆగిపోయింది.

"పస్తులుంటే కొవ్వు తగ్గనూవచ్చు, కొందరికి పెరగనూవచ్చు. ఏదైనా అది మాత్ర చేసిన పని కాదు, ఆకలి చేసిన పని. ఇప్పుడు రక్తం తీస్తే దాన్ని నమ్మలేము" అంది.

"అయితే నేను పోయినట్టేనా?"

"నేను చెప్పలేను. కంపెనీని అడగాలి."

పక్కగదిలోకి పోయి ఫోన్ చేసింది. మేము బయట కూర్చున్నాము. మునెప్ప మోచేతి మీది కాయను బొటనవేలితో నొక్కుకుంటున్నాడు. మా ఆయనకు కూడా అదే అలవాటు. నేను మదనపల్లె రైతు ఇచ్చిన టమాటా ఒకటి తీసి కొంగుతో తుడిచి వాడికిచ్చాను. డాక్టరమ్మ తలుపు తీసేటప్పటికి వాడి గడ్డం మీద రసం కారుతోంది.

"చివరి పరీక్షకు కొన్నిరోజులు అటూ ఇటూ గడువుంది" అంది. "ఇంట్లో మామూలుగా ఏం తింటావో అదే, అంతే తిని, పది రోజులయ్యాక రా. జరిగింది మాత్రం నేను ఉన్నదున్నట్టు రాసి పంపుతాను. పనికొస్తుందో లేదో వాళ్ళు తేలుస్తారు."

ఇంటికి పోయి రావచ్చు. కానీ ఇల్లు చేరితే వాడు మళ్ళీ జావలోకి దిగడని నమ్మకం లేదు. "నా కండ్ల ముందర తింటేగాని నేను కదలను" అన్నాను. ఎస్.టి.డి. బూత్ నుంచి ఊళ్ళో కోమటి అంగడికి ఫోన్ చేసి శేఖరను పిలిపించాను.

"పాలు ఎవురు పిండేది మా?" అన్నాడు వాడు.

"నీకు సేతులుండాయి గదా."

కుప్పంలో కాపురం

రైల్వేస్టేషను వెనక వీధిలో కనకమ్మ అనే ఆమె ఇంట్లో వెనకగది దొరికింది. ఆమె మొగుడు బెంగళూరు రైల్లో పూలు తీసుకుపోయి అమ్మి సాయంత్రానికి తిరిగొస్తాడు. ఆమెది తమిళం కలిసిన తెలుగు. మాట మాటకు "పాపం" అంటుంది, కానీ చేతికి మాత్రం జాలి లేదు, ఎంత వద్దన్నా వడ్డిస్తుంది.

మొదటిరోజు సంగటి దగ్గరే తేడా వచ్చింది. మేము బియ్యం ఉడికించి, అందులో రాగిపిండి పోసి కెలుకుతాము. వాళ్ళు ఉత్త పిండితో చేస్తారు, ముద్ద నల్లరాయిలాగా నున్నగా ఉంటుంది, నమలకుండా మింగాలి. మునెప్పకు అది గొంతు దిగలేదు. అయినా డాక్టరమ్మ చెప్పింది ఇంటి తిండి. అందుకని నేను పొయ్యి అడిగి తీసుకుని మా సంగటి, ఊరిబిండి, ఉలవల చారు చేశాను. కనకమ్మ పక్కన నిలబడి, "ముద్దలో అన్నం మెతుకులా? పాపం, పిండి చాలలేదా?" అంది.

పాలాయన ఆవును వాకిట్లోకే తోలుకొచ్చి మన కళ్ళముందే పిండి పోసేవాడు. ఫ్యాటూ లేదు, డిగ్రీ లేదు. లీటరు మా ఊరి ధర కంటే రెండు రూపాయలు ఎక్కువ. మునెప్పకు అది పెద్ద వింత. "మిషను లేకుండా ఎట్ల నమ్ముతారు?" అని అడిగితే పాలాయన, "ఆవు ఈడ్నే ఉండాదే, దాన్నే అడుగు" అన్నాడు.

తినిపించడం సులువే అనుకున్నాను. కాదు. తగ్గకూడదు, పెరగకూడదు. ఇంట్లో రెండు ముద్దలు తినేవాడు ఒకటిన్నరకే చెయ్యి కడగబోతే కూర్చోబెట్టేదాన్ని. శుక్రవారం కనకమ్మ నెయ్యి పోసి పాయసం చేసి తెచ్చింది. వద్దన్నాను. ఆమెకు కోపం వచ్చింది.

"పాపం, అంత బక్కగా ఉండాడు. ఒక గిన్నెకే సచ్చిపోతాడా?"

"తింటే సావడమ్మా. నెత్తురు అబద్ధం సెప్తాది."

ఆమె గిన్నె పట్టుకుని అట్లానే నిలబడింది. అప్పుడు ఆమెకు మా ఇంటి మగవాళ్ళ సంగతంతా చెప్పాను. విని, పాయసం లోపల పెట్టి వచ్చి, "అయితే మీ ఊరి ఉలవల సారు నాకు నేర్పు" అంది. మిగిలిన రోజులు ఆమే కాపలా కాసింది. నేను కూరగాయలకు పోయినప్పుడు మునెప్ప నీళ్ళచెంబు ఎత్తితే, "ఎన్నో చెంబప్పా అది?" అని వంటింట్లో నుంచి అరిచేదట.

"ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ, ఇంట్లో ఇద్దరు" అని వాడు గొణుక్కునేవాడు. మొహంలో మాత్రం రక్తం తిరిగి వచ్చింది.

రక్తం తీసిన రోజు బెంగళూరు నుంచి కంపెనీ కుర్రాయన వచ్చాడు. మాత్ర గురించి అడిగాను. ముందు ఎలుకలకు ఇచ్చారట, తర్వాత జబ్బులేని మనుషులకు, ఇప్పుడు జబ్బున్న కొద్దిమందికి. ఇది నిలబడితే ఇంకా చాలామందికి. రక్తం పట్టనివాళ్ళ కోసం ఒక మందు, చక్కెర జబ్బుకు ఒక మందు కూడా చేస్తున్నారట, అవి ఇంకా ఎలుకల దగ్గరే ఉన్నాయట.

"ఎలకలైనా సరిగ్గా తింటాండాయా సార్?" అన్నాడు మునెప్ప. ఆ కుర్రాయనకు వాడి కథ ముందే తెలిసినట్టుంది, నవ్వి వాడి భుజం తట్టాడు.

మళ్ళీ పుంగనూరు

తిరిగి వచ్చేటప్పుడు పుంగనూరులో దిగుదామని మునెప్పే అన్నాడు. గుర్రప్ప మమ్మల్ని చూసి కుర్చీలో నుంచి లేవలేదు. వాడు పోయి ఆయన పక్కన నేల మీద కూర్చుని ఉన్నమాట చెప్పాడు. పెద్దాయన కాసేపు ఆవు వైపు చూశాడు.

"ఇప్పుడేం తాగొచ్చు నువ్వు?"

"వెన్న తీసిన మజ్జిగ."

"పుంగనూరావు పాలల్లో వెన్న తీసి పారేసి మజ్జిగ తాగేది భూమ్మీద నువ్వొక్కడివేనప్పా" అని లోపలికి కేకేశాడు. చెంబు నిండా వచ్చింది. వాడు దించకుండా తాగాడు.

మూత తీశాక

ఇది జరిగి మూడేళ్ళు దాటింది. ఆ మరుసటి ఏడు కంపెనీవాళ్ళు మూత తీశారు. డాక్టరమ్మ మమ్మల్ని పిలిపించి చెప్పింది. అసలు మందు పడినవాళ్ళకు కొవ్వు బాగా తగ్గింది. పిండి పడినవాళ్ళకు తగ్గలేదు. మునెప్పకు పడింది పిండి.

వాడు వేళ్ళ మీద ఏదో లెక్కేసుకుని, "అయితే ఆ పొద్దు నా నెత్తురు తగ్గి ఉంటే?" అన్నాడు.

"పిండితో కూడా తగ్గిందని మా లెక్కలో పడేది. నీలాగా ఇంకో నలుగురు చేసి ఉంటే, మందుకూ పిండికీ తేడా ఏముందని ఎవరైనా అడిగేవాళ్ళు" అంది డాక్టరమ్మ. "ఉన్నదున్నట్టు ఉంది కాబట్టే మందు ముందుకు పోయింది."

మందును గెలిపించాలని వాడు పస్తులున్నాడు. ఆ పస్తుతోనే దాన్ని ఓడించబోయాడు. మేము ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని, కనకమ్మ కట్టిచ్చిన సంగటి తిన్నాము. మెతుకులు వేసి చేసింది.

పిండి పడినవాళ్ళకు తర్వాత అసలు మాత్ర ఇచ్చారు. పెద్ద విడతలో శేఖరను చేర్చుకున్నారు. వాడికి మందో పిండో ఇంకా తెలియదు. వాడు రెండు నెలలకొకసారి కుప్పం పోయి వస్తున్నాడు, మామూలుగా తింటున్నాడు, చిన్నాయన దగ్గరుండి తినిపిస్తున్నాడు.

మునెప్పకు ఇప్పుడు మా ఆయన పోయిన వయసు దాటింది. పోయిన శ్రావణంలో క్షౌరానికి పోయినప్పుడు చెవి పైన ఒక తెల్లవెంట్రుక కనబడిందట. మంగలాయన పీకబోతే చెయ్యి పట్టుకున్నాడట. సగం క్షౌరంతోనే ఇంటికొచ్చి, నా ముందర తల వంచి కూర్చున్నాడు.

"సూడు వదినా."

వేలితో పక్కకు తీసి చూశాను. ఉంది. ఆ ఇంట్లో ఏ మగవాడి తలలోనూ నేను చూడనిది.

ఇప్పుడు అవి పది దాకా అయ్యాయి. పెళ్ళిళ్ళకు పోయేటప్పుడు రంగేసుకోమని మా తోడికోడలు పోరుతుంది. నేను వెయ్యనివ్వను.